అలీజ్ చూడాలన్నారు మా నాన్న: బరంపురం నుంచి గోవా దాకా

బరంపురం నుంచి గోవాకి నేరుగా రైలుందని మా వీధిలో చాలామందికి తెలీదు. అమరావతి ఎక్స్‌ప్రెస్ అని, బెంగాల్ వైపు నుంచి వస్తుంది. పొద్దున మన స్టేషన్లో ఎక్కితే విజయనగరం, విశాఖ, బెజవాడ, గుంతకల్లు, హుబ్లీ మీదుగా మర్నాడు మధ్యాహ్నం వాస్కోలో దింపుతుంది. రోజూ ఉండదు, వారంలో కొన్ని రోజులే. డెబ్భై ఎనిమిదేళ్ళ మా నాన్నని 2025 ఫిబ్రవరిలో ఆ రైల్లోనే తీసుకెళ్ళి తీసుకొచ్చాను. గోవా అనగానే మా షాపుకి జాకెట్లు కుట్టించుకోడానికి వచ్చే ఆడవాళ్ళంతా ఒక రకంగా నవ్వారు. మేం వెళ్ళింది అలీజ్ అనే ఒక పాత నేవీ విమానం చూడ్డానికి, నాన్న ఒకప్పుడు నేవీలో దాని మీద పనిచేశారు. ఇంట్లో పెద్దవాళ్ళు ఫౌజులో పనిచేసి, ఇలాంటి కోరిక ఏదో మనసులో పెట్టుకుని ఉంటే వాళ్ళ పిల్లలకి పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

దీని మొదలు 2024 డిసెంబర్ 4. ఆ ఏడు నేవీ డే విన్యాసాలు పూరీ తీరంలో పెట్టారు, రాష్ట్రపతి ముర్ము వచ్చారు. నాన్నకి అంత జనంలో నిలబడే ఓపిక లేదు కాబట్టి టీవీలో చూశాం. యుద్ధ విమానాలు చెవులు చిల్లులు పడేలా వెళ్తుంటే మా పక్కింటి పిల్లలు ఎగిరి గంతులేస్తున్నారు, ఈయన మాత్రం కుర్చీలో కదలకుండా కూర్చుని అంతా అయ్యాక, "మనది ఒక్కటీ లేదు" అన్నారు. మనది అంటే అలీజ్. అది 1991లోనే రిటైరైపోయింది నాన్నా అంటే, "తెలుసు, నాకు చెప్తావేటి" అని విసుక్కుని లోపలికెళ్ళిపోయారు. ఆ రాత్రి భోజనాల దగ్గర మళ్ళీ ఎత్తారు. గోవాలో నేవీ వాళ్ళ మ్యూజియంలో ఒక అలీజ్ ఉందట, శ్రీకాకుళంలో ఉండే ఆయన పాత దోస్తు చెప్పాడట, ఒక్కసారి చూడాలి అని. మా నాన్న కోరి ఏదైనా అడగడం నాకు గుర్తున్నంతవరకు అదే.

మాది మగ్గాల ఇల్లు. తాత పట్టుచీరలు నేసేవారు, నాన్నకి మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చోవడం ఇష్టం లేక 1965లో నేవీలో చేరిపోయారు, విమానాల మీద ఎలక్ట్రికల్ పని. అలీజ్ ఫ్రాన్సులో తయారైంది, ముందు ఒకటే ప్రొపెల్లర్, లోపల ముగ్గురు మనుషులు, పని ఏంటంటే సముద్రం మీద తక్కువ ఎత్తులో తిరుగుతూ జలాంతర్గాముల్ని వెతకడం. 1971 డిసెంబర్లో, పాకిస్తాన్‌తో యుద్ధమప్పుడు, నాన్న విమానాలు మోసే యుద్ధనౌక విక్రాంత్ మీద తూర్పు సముద్రంలో ఉన్నారు. ఆ ఓడకి నాలుగు బాయిలర్లలో ఒకటి పనిచెయ్యలేదు, ఉండాల్సిన వేగం లేదు, అయినా దాని మీంచే సీ హాక్‌లూ అలీజ్‌లూ లేచి అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని కాక్స్ బజార్, చిట్టగాంగ్ మీదికి వెళ్ళొచ్చాయి. ఆ కథలు మా చిన్నప్పుడు బాగానే చెప్పేవారు. పడమట జరిగింది మాత్రం చెప్పేవారు కాదు, చెప్పినా ఒక ముక్క చెప్పి ఆపేసేవారు.

పడమట జరిగింది ఇది. డిసెంబర్ 9 రాత్రి గుజరాత్ పక్కనున్న డయ్యూ దగ్గర మన యుద్ధనౌక ఖుక్రీని హంగోర్ అనే పాకిస్తాన్ జలాంతర్గామి ముంచేసింది. కెప్టెన్ ముల్లాతో కలిపి 18 మంది ఆఫీసర్లు, 176 మంది నావికులు పోయారు. ఆ హంగోర్ కోసం వేట మొదలైంది, వేట అంటే అలీజ్‌ల పనే కదా. మర్నాడు, 10న, అలా వెళ్ళిన ఒక అలీజ్‌ని పాకిస్తాన్ వాయుసేన స్టార్‌ఫైటర్ జెట్ విమానం కూల్చేసింది. అందులో ఉన్నవాళ్ళు లెఫ్టినెంట్ కమాండర్ అశోక్ రాయ్, లెఫ్టినెంట్ సిరోహి, ఎయిర్‌క్రూమన్ విజయన్. ముగ్గురూ మళ్ళీ కనిపించలేదు. "మనది గంటకి అయిదొందల కిలోమీటర్లు, అదీ గాలి కలిసొస్తే. అది శబ్దానికి రెండింతలు వెళ్తుంది. ఇంకేటి తప్పించుకుంటారు?" అంటారు నాన్న.

ఆ ముగ్గురితో నాన్నకి స్నేహమేమీ లేదు. అప్పట్లో అలీజ్ మీద పనిచేసేవాళ్ళే కొద్దిమంది, కాబట్టి ఎక్కడో చూసే ఉంటానంటారు, అంతకంటే చెప్పరు. కానీ ఆ ముగ్గురు కూర్చునే చోట ఈయన రోజూ మోకాళ్ళ మీద వంగి వైర్లు చూసిన మనిషి. ఏ సీటు దగ్గర తల తగులుతుందో, ఏ స్విచ్ బిగుసుకుపోతుందో తెలుసు. అందుకని చివరి నిమిషంలో లోపల ఎవరు ఎటు తిరిగి ఉంటారో ఆయనకి కనిపిస్తుందట. ఈ మాట నాకు రైల్లో చెప్పారు, యాభై దాటిన కూతురికి, అదీ దీపాలు ఆర్పేశాక.

ఇంకో చిక్కుంది. అశోక్ రాయ్ పేరు ఆ '54 మంది' జాబితాలో ఉంది, అంటే 71 యుద్ధంలో ఆచూకీ లేకుండా పోయి, పాకిస్తాన్ జైళ్ళలో ఉన్నారేమో అని అనుకున్నవాళ్ళ జాబితా. 1979లో పార్లమెంటులో బయటికొచ్చింది. అప్పటికి నాన్న ఏడాదికోసారి డిసెంబర్ 10న గోపాల్‌పూర్ సముద్రంలో నాలుగు పూలు వేసి వచ్చేవారట, సెలవులో ఉంటే. ఆ జాబితా పేపర్లో చదివాక మానేశారు. బతికున్న మనిషికి నీళ్ళల్లో పూలెలా వేస్తాం అని. అమ్మ చెప్పేది, ఆ పేపరు ముక్క చాలా ఏళ్ళు ట్రంకు పెట్టెలో అడుగున ఉండేదని, ఎవర్నీ ముట్టుకోనిచ్చేవారు కాదని. 2007లో ఆ కుటుంబాల వాళ్ళు కొందరు పాకిస్తాన్ వెళ్ళి జైళ్ళు చూసి, ఎవరూ దొరక్క తిరిగొచ్చారు. ఆ ఏడు డిసెంబర్లో నాన్న మళ్ళీ గోపాల్‌పూర్ వెళ్ళారు. నేనే స్కూటీ మీద తీసుకెళ్ళాను, ఎందుకని అడిగితే "పని ఉంది" అన్నారు.

ఫోటోలు ఏవైనా ఉంటే అవి చూసుకుని ఊరుకునేవారేమో. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది కదా, మా పెంకులు లేచిపోయి ఆ ట్రంకు పెట్టె నిండా నీళ్ళు. స్క్వాడ్రన్ ఫోటోలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. ఎండలో ఆరబెడితే ముఖాలు కాగితం మీంచి ఊడొచ్చేశాయి. పేపరు ముక్క ముద్దైపోయింది. పెన్షన్ కాగితాలు ప్లాస్టిక్ కవర్లో ఉండబట్టి బతికాయి.

సరే, అసలు ప్రయాణం సంగతికి వస్తాను.

డిసెంబర్ 10కి వెళ్ళాలన్నది ఆయన ఆలోచన, కానీ అప్పటికి మిగిలింది అయిదారు రోజులు, టికెట్లూ లేవు, మా తమ్ముడు సూరత్‌లో పవర్‌లూమ్ మిల్లులో ఉంటాడు, వాడికి సెలవూ లేదు. "తారీఖుదేముంది, విమానం అక్కడే ఉంటుంది కదా" అని ఆయనే సర్దుకున్నారు. ముందు ఒక ఆఫీసుకి ఉత్తరం రాశాం, మాజీ నావికుడు వస్తున్నాడు, విమానం దగ్గరగా చూడనిస్తారా అని. నాన్నే ఇంగ్లీషులో, రెస్పెక్టెడ్ సర్ తో మొదలుపెట్టి, తన సర్వీసు నంబరు వేసి, రిజిస్టర్డ్ పోస్టులో పంపించారు. జనవరి అంతా పోస్ట్‌మేన్ సైకిల్ చప్పుడైతే చాలు గుమ్మంలోకి వచ్చేవారు. జవాబు రాలేదు. తర్వాత తేలిందేంటంటే అసలు ఉత్తరమే అక్కర్లేదు, ఆ మ్యూజియం అందరికీ తెరిచే ఉంటుంది, గేటు దగ్గర టికెట్ కొనుక్కుని లోపలికెళ్ళడమే. సోమవారం మాత్రం సెలవు. ఎవరైనా వెళ్తే ఇది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే గోవాలో ఒక రోజు వృథా అంటే గది అద్దె కూడా వృథానే.

టికెట్ల దగ్గర నాకు తెలిసిన సంగతులు రెండు. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు నుంచే, 2024 నవంబర్ దాకా 120 ఉండేది. వృద్ధులకి ఇచ్చే రాయితీ 2020 మార్చి నుంచి లేదు, నాన్నకి ఈ మాట చెప్తే నమ్మలేదు, కౌంటర్లో గుమాస్తాని మళ్ళీ అడిగి అతనితో కూడా లేదనిపించుకున్నారు. అయితే కింది బెర్తు కోటా ఉంది. మగవాళ్ళకి 60, ఆడవాళ్ళకి 45 దాటితే చాలు, అదే టికెట్ మీద కుర్రవాళ్ళెవరైనా ఉంటే ఆ కోటా రాదు. అంటే నేనూ నాన్నా మాత్రమే వెళ్తే ఇద్దరికీ కింది బెర్తులు. మా అబ్బాయి తోడొస్తానంటే ఈ ఒక్క కారణానికే వద్దన్నాను. థర్డ్ ఏసీ మనిషికి రెండు వేల దరిదాపుల్లో పడింది.

డాక్టర్ దగ్గర కొంచెం టెన్షన్ పడ్డాం. బీపీ, మోకాళ్ళు, రాత్రిళ్ళు మూడు నాలుగు సార్లు లేవాలి. డాక్టరు బీపీ మాత్ర మార్చి రెండు వారాలు చూద్దామన్నారు, ఆ రెండు వారాలూ నాన్న ఉప్పు లేకుండా తిన్నారు, అమ్మ ఉన్నప్పుడు ఎంత మొత్తుకున్నా మాననిది. రాత్రి లేవడం గురించి మందుల షాపులో పెద్దవాళ్ళ డైపర్లు కొన్నాను, ఆయన ప్యాకెట్ చూసి మాట్లాడకుండా బీరువా మీద పెట్టేశారు. దానికి బదులు నేను చేసింది ఏంటంటే టీటీఈని బతిమాలి తలుపు దగ్గరి బెర్తులు మార్పించుకున్నాను. చప్పుడు ఎక్కువే, దీపం కళ్ళలో పడుతుంది, కానీ బాత్రూమ్‌కి నాలుగడుగులు.

ఫిబ్రవరి 12 పొద్దున ఎక్కాం. పులిహోర, అటుకులు, మా బరంపురం అప్పడాలు ఒక డబ్బా (దారిలో తినడానికి కాదు, ఎవరికైనా ఇవ్వాల్సి వస్తే అని నాన్న పెట్టించారు, ఎవరికి అని నేను అడగలేదు). ఇచ్ఛాపురం దాటేసరికే ఆయన ముఖం మారిపోయింది. విశాఖలో రైలు ఆగిన కాసేపూ దిగి ప్లాట్‌ఫారం మీద నిలబడ్డారు. బెజవాడ దాకా కబుర్లే. సాయంత్రం నుంచి నీరసపడ్డారు, అన్నం సగం వదిలేశారు. ఇందాక చెప్పిన మాటలు ఆ రాత్రివే. తెల్లారాక కన్నడ ఊళ్ళు, ఆ తర్వాత క్యాజిల్ రాక్ దగ్గర ఘాట్ దిగడానికి అదనపు ఇంజన్లు తగిలిస్తారు, అది చూడ్డానికి మళ్ళీ ప్రాణం లేచొచ్చింది. దూద్‌సాగర్ జలపాతం ఫిబ్రవరి కదా, సన్నగా ఉంది. ఆ ఘాట్‌లో ఫోన్ సిగ్నల్ ఉండదు, ఇంట్లో వాళ్ళకి ముందే చెప్పి ఉంచాలి, లేకపోతే మా అబ్బాయిలా కంగారుపడి రైల్వే హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తారు.

వాస్కోలో స్టేషన్‌కి దగ్గర్లోనే గది, రాత్రికి 1,800. లిఫ్ట్ ఉందో లేదో ఫోన్లో రెండుసార్లు అడిగి తీసుకున్నాను. గోవాలో కారు బేరం మన ఊరి బేరంలా ఉండదు, రానూపోనూ వెయిటింగ్‌తో 900 అన్నాడు, తగ్గలేదు. మ్యూజియం దగ్గరే, బొగ్మాలో వెళ్ళే రోడ్డు మీద, విమానాశ్రయం పక్క నుంచి.

14న, శుక్రవారం, తెరిచే వేళకే వెళ్ళాం. నాన్న ముందు రోజు రాత్రే ప్యాంటు పరుపు కింద పెట్టి ఇస్త్రీ చేసుకున్నారు. నేను బజార్లో బంతిపూలు, ఒక చామంతి దండ కొన్నాను, అరవై రూపాయలు. లోపలికెళ్ళగానే ఆరుబయట వరసగా విమానాలు, ఒక పెద్ద సూపర్ కాన్‌స్టెలేషన్, సీ హారియర్, సీ హాక్, ఇంకా నాకు పేర్లు గుర్తులేనివి. నాన్న ఏ బోర్డూ చదవలేదు. కర్ర పట్టుకుని నేరుగా నడిచి అలీజ్ ముందు ఆగారు.

ఏడుస్తారేమో అనుకుని నేను చేతిలో రుమాలు పట్టుకుని నిలబడ్డాను, నిజం చెప్పాలంటే నాకే ఏడుపొస్తోంది. ఆయన ఏడవలేదు. ముందు టైర్లకేసి చూశారు, చక్రాలకి అడ్డుచెక్కలు ఉన్నాయా అని. తర్వాత ముక్కు దగ్గర్నుంచి మొదలుపెట్టి ఎడమ రెక్క, తోక, కుడి రెక్క, ఇలా చుట్టూ ఒకసారి తిరిగొచ్చారు, అలా తిరగడం నాకు మామూలుగా చూడ్డంలా అనిపించలేదు, అడిగితే ఎగిరే ముందు చేసే తనిఖీ అలాగే చేస్తారట. "ఇది దించితే రాడార్" అని పొట్ట కింద చూపించారు. "రెక్కలు ఇక్కడికి మడుస్తారు, లేకపోతే ఓడ లోపల పట్టవు" అన్నారు. విమానం పక్క భాగంలో ఉన్న ఒక చిన్న పలక మీద వేలు పెట్టబోయి, ముట్టుకోవద్దని రాసి ఉండటం చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నారు. అది ఆయన రోజూ విప్పి బిగించిన పలకే.

నేను పూలు తీశాను. ముందు చక్రం దగ్గర పెడదామని వంగేసరికి, "ఆగు! ఏటి చేస్తన్నావ్?" అని గట్టిగా అరిచారు. అక్కడున్న వాళ్ళంతా తిరిగి చూశారు. విమానం దగ్గర నేల మీద ఏదీ ఉండకూడదట. ఒక స్క్రూ, ఒక గుడ్డ పీలిక, చివరికి ఒక పువ్వు, ఏదైనా ఇంజన్ లోపలికి లాగేస్తే మనిషి ప్రాణం పోతుంది. విక్రాంత్ డెక్ మీద పొద్దున్నే అందరూ భుజం భుజం కలిపి వరసగా నిలబడి, తల దించుకుని ఈ చివర నుంచి ఆ చివరకి నడుస్తూ చెత్త ఏరేవాళ్ళట. ఆ ఇంజన్ తిరగక ముప్ఫై ఏళ్ళు దాటింది నాన్నా అన్నాను. "అయితే?" అన్నారు. నేను పూలు సంచిలో పెట్టేశాను. ఆయన వంగి, రెక్క కింద పడున్న రెండు ఎండుటాకులు ఏరి జేబులో వేసుకున్నారు. మోకాళ్ళు పట్టేసి లేవలేకపోతే లేపాల్సి వచ్చింది.

ఆ అరుపు విని డ్యూటీలో ఉన్న కుర్ర నావికుడు ఒకతను వచ్చాడు. కోప్పడతాడనుకున్నాను. అంకుల్ మీరు దీని మీద పనిచేశారా అని హిందీలో అడిగాడు, ఇక అంతే. హుక్ ఎలా దించేవారు, రాత్రి లాండింగ్‌కి ఏం దీపాలు, తడి తగిలి వైర్లు షార్ట్ అయితే ఏం చేసేవారు, ఒకటే ప్రశ్నలు. నాన్న నేవీ హిందీ నేనెప్పుడూ అంత వినలేదు. మాటల మధ్యలో అతను ట్రైనింగ్ చిలికాలో చేశానన్నాడు, మా బరంపురానికి రెండు గంటల దారి, బాలుగావ్‌లో రైలు దిగేవాళ్ళమన్నాడు. అప్పడాల డబ్బా ఎవరికో అప్పుడు తెలిసింది. అతను ఒక కుర్చీ తెచ్చి అలీజ్ నీడలో వేశాడు. నాన్న ఆ కుర్చీలో గంటకి పైగా కూర్చున్నారు. కాసేపు ఇద్దరూ మాట్లాడుకోవడం, కాసేపు అతను వెళ్ళిపోతే ఈయన ఒక్కరే ఆ మూడు సీట్ల కేసి చూస్తూ ఉండటం. నేను లోపలి భవనంలోకి వెళ్ళి ఫోటోలూ నమూనాలూ చూసొచ్చాను. రమ్మంటే రానన్నారు, మెట్లు కదా అన్నారు, మెట్ల వల్ల కాదని ఇద్దరికీ తెలుసు.

ఆ కుర్రాడికి అశోక్ రాయ్ గారి సంగతి తెలుసు. ఆ పేరు నాన్న నోటి నుంచి కాకుండా వేరే వాళ్ళ నోట మొదటిసారి విన్నాను. నాన్న అతన్ని అడిగిన ఆఖరి ప్రశ్న, వాళ్ళేమైనా దొరికారా అని. అతను తల అడ్డంగా ఊపాడు. మరి నాకు తెలియనిదేమైనా ఇప్పటి నేవీ వాళ్ళకి చెప్తారేమో అని అడిగానమ్మా, అని తర్వాత కార్లో అన్నారు. అంటే 2007లో పూలు మళ్ళీ మొదలుపెట్టినా ఆ మనిషి లోపల ఒక మూల ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నారన్న మాట. ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉండి నేను అది పట్టించుకోలేదే అని నాకు చాలా బాధేసింది, ఇప్పటికీ ఉంది.

పూలు మిగిలిపోయాయి కదా, డ్రైవర్ అదే డబ్బుకి బొగ్మాలో బీచికి తీసుకెళ్ళాడు, అక్కడికి దగ్గరే. గోపాల్‌పూర్‌లో వేస్తే తూర్పు సముద్రం, వాళ్ళు పోయింది ఈ పడమటి నీళ్ళల్లో, అది ఆయనకి మొదట్నుంచీ కొంచెం వెలితి. కానీ ఇసుకలో ఆయన నడవలేకపోయారు, కర్ర దిగబడిపోతోంది. గోడ దగ్గర కూర్చోబెట్టి నేనే వెళ్ళాను. దండకి ఉన్నది నైలాన్ దారం, అది లాగేసి పూలు మాత్రమే వెయ్యమని వెనకనుంచి కేకేశారు, తాబేళ్ళ మెడకి చుట్టుకుంటుందని. తాబేళ్ళు గుడ్లు పెట్టే రుషికుల్య నది పక్కన పుట్టిన మనిషికి ఎక్కడికెళ్ళినా తాబేళ్ళే. ముగ్గురి పేర్లూ చెప్పి వెయ్యమన్నారు, చెప్పాను. రెండో అల మోకాళ్ళ దాకా వచ్చి చీరంతా తడిసింది, ఆ తడి చీరతోనే కారెక్కితే డ్రైవర్ సీటు మీద పాత పేపర్ వేశాడు.

16న ఆదివారం పొద్దున వాస్కోలో ఎక్కి మర్నాటికి ఇల్లు చేరాం. ఆ వారమే మా రుషికుల్య దగ్గర తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి లక్షల్లో ఒడ్డుకొచ్చాయి, ఊళ్ళో అందరికీ అదే మాట, మా ప్రయాణం గురించి ఎవరూ అడగలేదు. టికెట్లు, గది, కార్లు, తిండి అన్నీ కలిపి ఇరవై వేలకి లోపే అయింది. సగం నేను పెడతానంటే ఒప్పుకోలేదు, నేవీ పెన్షన్ లోంచే ఇచ్చారు. మోకాళ్ళ నొప్పి పది రోజులు ఉంది, నూనె రాసి పడుకోబెట్టాం. ఆ ఎండుటాకులు ఆయన చొక్కా జేబులో పొడైపోయి ఉంటే ఉతికేటప్పుడు నేను దులిపేశాను, ఆయనేం అడగలేదు.

శ్రీకాకుళం దోస్తుతో మాత్రం రోజూ ఫోన్లో గొడవ. ఆ పలక ఎడమ వైపున్నదా కుడి వైపున్నదా అని. నేను తీసిన ఫోటో పంపించినా ఆయన ఒప్పుకోడట, ఫోటో తిరగేశారంటాడట.

ఇప్పుడు కొత్తగా డయ్యూ అంటున్నారు. అక్కడ ఖుక్రీ స్మారకం ఉంది, అద్దాల గదిలో ఓడ నమూనా ఉంటుంది, అదే పేరుతో తర్వాత వచ్చిన రెండో ఖుక్రీని కూడా రిటైరయ్యాక 2022లో అక్కడికే తెచ్చి పెట్టారు. తమ్ముడు సూరత్‌లోనే ఉన్నాడు కాబట్టి బరంపురం నుంచి సూరత్ దాకా నేను దింపితే అక్కడ్నుంచి వాడు తీసుకెళ్తానన్నాడు. డయ్యూలో రైలు స్టేషన్ లేదు, వెరావల్ వైపు దిగి రోడ్డు మీద వెళ్ళాలంటున్నారు. మోకాళ్ళు బాగోని మనిషిని అటు తీసుకెళ్ళినవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి, స్మారకం దగ్గర మెట్లు ఎన్ని ఉంటాయి, కారు ఎంతవరకు వెళ్తుంది, అది ముందు తెలియాలి నాకు.